ఎనిమిదో రోజు సంగతి: వైఎస్సార్ కడప జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరి, స్కానింగులో ఏమీ లేదనిపించుకుని, ఒకటి రెండు రోజుల్లో ఇంటికొచ్చేసిన మనుషుల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి మీరే అధ్యక్షులు. ఆసుపత్రి సూపరింటెండెంట్లు, ఆర్టీసీ డిపో మేనేజర్లు, ఫ్యాక్టరీల యాజమాన్యాలు, వర్తక సంఘాల పెద్దలు మీరు పిలిస్తే ఒకచోట కూర్చుంటారు. అందుకే మీకు రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. అలాంటి మనిషి ఆసుపత్రి గడప దాటేటప్పుడు మందుల చీటీతో పాటు, పనికి ఎప్పుడు పోవాలో, రోజుకెన్ని గంటలు చేయాలో, ఏ పని చేయకూడదో రాసిన కాగితం ఒకటి చేతికివ్వాలి. పని ఇచ్చేవాళ్ళు ఆ కాగితానికి విలువివ్వాలి.

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు కట్టనవసరం లేని చికిత్స పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, మనిషికి లక్షన్నర రూపాయల దాకా వైద్యం. చాలా మంచి పని. దెబ్బ తగిలిన మొదటి గంట ఎంత విలువైందో చట్టంలోనే రాసుకున్నాం. గాయపడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను పెట్టుకున్నాం. మనిషి పోతే పరిహారం లెక్కకట్టే ట్రిబ్యునళ్ళు ఉన్నాయి. మొదటి గంటకు ఏర్పాటుంది, మొదటి వారానికి ఏర్పాటుంది, చావుకు ఏర్పాటుంది. ఎనిమిదో రోజు పొద్దున సద్ది కట్టుకుని పనికి బయల్దేరిన మనిషికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. 2022లో దేశం మొత్తం మీద 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయని, 1,68,491 మంది చనిపోయారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్పింది. గాయపడిన ఆ నాలుగు లక్షల పైచిలుకు మందిలో మళ్ళీ తమ పనికి తాము పోగలిగినవాళ్ళు ఎంతమందో ఆ లెక్కల్లో వెతికితే దొరకదు.

నా పుట్టిల్లు పులివెందుల, మెట్టినిల్లు జమ్మలమడుగు, ఉద్యోగం ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాయడం. ఒక ఆదివారం సాయంత్రం మైలవరం నుంచి స్కూటీ మీద వస్తుంటే కుక్క అడ్డమొచ్చి పడ్డాను. హెల్మెట్ ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. కాసేపు స్పృహ లేదట. ఎవరో ఆటోలో ఎక్కించారట. ఆసుపత్రిలో నర్సు పేరడిగితే చెప్పానట, ఊరడిగితే పులివెందుల అన్నానట, ఏ వారమని అడిగితే చెప్పలేకపోయానట. ఇవన్నీ తర్వాత నాకు చెప్పినవే. స్కానింగు తీశారు, బాగుందన్నారు, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. వైద్యం విషయంలో నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. చేయవలసింది చేశారు.

కలెక్టర్ గారూ, ఈ గాయం లోపల ఏం చేస్తుందో నాకు తర్వాత ఒక డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పుర్రెలో మెదడు ద్రవంలో తేలుతూ ఉంటుంది. బండి మీద నుంచి పడ్డప్పుడు నేలకు తగిలి తల ఆగిపోతుంది కానీ లోపల మెదడు ఆగదు, ఊగుతుంది, మెలి తిరుగుతుంది. ఆ కుదుపుకు సన్నటి నరాల పోగులు సాగిపోతాయి. కణాల లోపలా బయటా ఉండాల్సిన లవణాల పొందిక చెదురుతుంది. దాన్ని సర్దుకోవడానికి మెదడుకు మామూలుకన్నా ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే దానికందే రక్తం తగ్గుతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, ప్రాణం నిలబెడుతుంది, లోపలి ఊపును మాత్రం పూర్తిగా ఆపలేదు. సీటీ స్కానింగు రక్తం గడ్డకట్టితే పట్టుకుంటుంది, ఎముక విరిగితే పట్టుకుంటుంది. సాగిన పోగులు దాని కంటికి ఆనవు.

తల గాయాల తీవ్రత చెప్పడానికి 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక మార్కుల పద్ధతి పెట్టారు. కళ్ళు తెరవడం, మాట్లాడటం, కాళ్ళూ చేతులూ కదపడం చూసి 15కు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 వరకు వస్తే స్వల్ప గాయం. నా చీటీలో 14 అని ఉంది. ప్రాణానికి ముప్పుందా, ఆపరేషను కావాలా, ఏ ఆసుపత్రికి పంపాలి అని తేల్చుకోవడానికి ఆ మార్కు ఎంతో అక్కరకొస్తుంది. పది రోజుల తర్వాత నేను తప్పుల్లేకుండా జీఎస్టీ రిటర్ను వేయగలనా, ఒక డ్రైవరు గువ్వలచెరువు ఘాట్‌లో నిండు బస్సును మలుపు తిప్పగలడా అన్నది ఆ మార్కు చెప్పదు, చెప్పడానికి పెట్టిందీ కాదు.

పడ్డ తర్వాత వచ్చేవి చెబుతాను, చాలామందికి ఇవి గాయం తాలూకు బాధలేనని కూడా తెలియదు. తలనొప్పి, తల తిరుగుడు, దిమ్ము, వెలుతురు పడకపోవడం, చప్పుడు పడకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా పగలంతా తూగడం, చేతిలో పని మరిచిపోవడం, నోటి దాకా వచ్చిన మాట దొరక్కపోవడం, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఎక్కువ మందికి కొన్ని వారాల్లో, మూడు నెలల లోపల తగ్గిపోతాయి. కొందరికి ఇంకా పడుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు బాగా విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత బాధ పెరగనంత మేరకు కొద్దికొద్దిగా పనిలో పడటం మంచిదని ఇప్పటి వైద్యం చెబుతోంది. నెలల తరబడి చీకటి గదిలో పడుకుంటే మేలు లేదు. నాలుగో రోజే పన్నెండు గంటల డ్యూటీకి నిలబడితే అసలే మేలు లేదు. కాలు బెణికిన ఎద్దును రైతు మరునాడే కాడికి కట్టడు, నాలుగు రోజులు ఖాళీగా నడిపించి చూస్తాడు.

నేను రెండో వారంలో దుకాణానికి పోయాను. పదేళ్ళకు పైగా చేస్తున్న పనే. ట్యాలీలో ఎంట్రీలు, సూరత్ నుంచి వచ్చిన బిల్లులు, 11వ తేదీకి ఒక రిటర్ను, 20వ తేదీకి ఇంకొకటి. బిల్లు మీద అంకె చూసి కంప్యూటరు వైపు తిరిగేలోపు ఆ అంకె పోయేది. మళ్ళీ చూసేదాన్ని, మళ్ళీ పోయేది. ట్యూబులైటు వెలుతురు కళ్ళ వెనక గుచ్చేది. దసరా ముందు రోజులు. ప్రొద్దుటూరులో దసరా అంటే మీకు తెలుసు, అమ్మవారిశాల వీధుల్లో కాలు పెట్టే సందుండదు, బట్టల అంగళ్ళలో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటారు. ఆ మాటలన్నీ ఒక్క మోతగా తలలోకి వచ్చేవి. మధ్యాహ్నం రెండయ్యేసరికి అక్షరాలు అలుక్కుపోయేవి. ఇన్నేళ్ళలో ఒక్క మాట అనని సేల్స్ పిల్లల మీద అరిచాను. సరుకు పంపిన ఒకాయనకు రెండుసార్లు డబ్బు వేయబోయాను.

"స్కానింగులో ఏమీ లేదన్నారంట గదమ్మా, ఇంకేంటికి దిగులు?" అన్నారు యజమాని. ఆయన కఠినమైన మనిషి కాడు. ఆయనకు కనిపించింది ఒక కాగితం, అందులో బాగుందని రాసి ఉంది. ఇంకో కాగితం లేదు.

నన్ను నిలబెట్టింది మా దుకాణంలో పాత గుమాస్తా. ఆయన చదువు పెద్దదేమీ కాదు, మనిషిని చూస్తే అర్థం చేసుకుంటారు. ఆయనే యజమానితో మాట్లాడి, నన్ను పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా రమ్మన్నారు. నా బల్లను కౌంటరు దగ్గర నుంచి వెనక గదిలోకి, కిటికీ పక్కకు మార్పించారు. ఒకసారికి ఒకే పని. బిల్లులు చూడటమంటే బిల్లులు మాత్రమే, ఫోన్లు ఆయన ఎత్తేవారు. ప్రతిదీ నోటుబుక్కులో రాసుకోమన్నారు. నేను వేసిన మొత్తాలను సాయంత్రం ఆయన ఒకసారి చూసేవారు. నెల రోజులు రిటర్నుల జోలికి పోనివ్వలేదు. ఒంటిగంట దాకా తల నొప్పి లేకుండా గడిచిన తర్వాత మూడింటి దాకా, తర్వాత అయిదింటి దాకా. సంక్రాంతి అమ్మకాల నాటికి నేను మళ్ళీ పూర్తి రోజు మనిషినయ్యాను. సగం రోజుకు సగం జీతమే వచ్చింది, కానీ ఉద్యోగం మిగిలింది. నాకు జరిగిన వైద్యంలో సగం ఆ వెనక గదిలోనే జరిగిందని నేను నమ్ముతున్నాను. అలాంటి గుమాస్తా అన్ని దుకాణాల్లో ఉండడు. నాకు అదృష్టం కొద్దీ దొరికినదాన్ని మిగతావాళ్ళకు మీరు ఏర్పాటుగా చేయాలని అడుగుతున్నాను.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆడమనిషికి దుకాణం పని సగం రోజుకు తగ్గినా, ఇంటి పని తగ్గదు. కుక్కరు విజిల్, మిక్సీ, టీవీ, పిల్లల పరీక్షలు. "ఉద్యోగానికి పోయేదానికి బాగుందంట, వంటకు బాగలేదంట" అని చుట్టాల్లో ఒకావిడ అననే అంది. మా అమ్మ పులివెందుల నుంచి వచ్చి ఉండబట్టి గడిచింది. మీరిచ్చే కాగితంలో ఇంటి పనికి కూడా రెండు వరుసలు కేటాయించండి. డాక్టరు చేతిరాతతో ఉంటే అత్తగారిళ్ళలో అది చెల్లుతుంది.

ఇక మన మూడు ఊళ్ళ పనులు చూడండి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక సందుల్లో వందలమంది నగల పని చేస్తారు. మిరుమిట్లు గొలిపే దీపం కింద తలవంచుకుని, మంట ఊది అతుకులు పెట్టే పని. వెలుతురు పడని తలతో ఆ పని ఒక్క గంట కూడా చేయలేరు. దానికన్నా పెద్ద కష్టం ఇంకొకటుంది. అంగడి నుంచి ఎంత బంగారం తూచి తెచ్చుకున్నారో, ఎంత తిరిగిచ్చారో, తరుగు ఎంతో మనసులో, చిన్న చీటీల్లో నడిచే లెక్క అది. తలకు దెబ్బ తగిలి ఒక లెక్క మరిచిపోయిన మనిషిని జ్ఞాపకం తప్పాడని ఎవరూ అనుకోరు. నమ్మకం పోయిందంటారు. ఆ వీధుల్లో ఒకసారి నమ్మకం పోతే ఇంక ఎవరూ పని ఇవ్వరు. అలాంటివాడికి "ఆరు వారాలు ఇతని లెక్కను రెండో మనిషి సరిచూడాలి" అని డాక్టరు రాసిన ఒక్క వాక్యం ఎంత రక్షణో ఆలోచించండి.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపబండల ఫ్యాక్టరీల్లో కటింగ్ మిషన్ల దగ్గర రోజంతా చెవులు పగిలే మోత, కాళ్ళ కింద బురదనీళ్ళు, ఎదురుగా తిరిగే బ్లేడు. తల తిరుగుడు పూర్తిగా పోని మనిషిని అక్కడ నిలబెడితే రెండో ప్రమాదాన్ని పిలిచినట్టే. సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎత్తైన మెట్లు, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రంలో రాత్రి షిఫ్టులు, తుమ్మలపల్లె యురేనియం గనిలో భూమి లోపలి పని. ఎత్తు, నిద్రలేమి, చీకటి, మూడూ ఈ గాయానికి పడనివే. పెద్ద సంస్థలకు సొంత వైద్యులున్నారు, వాళ్ళు అనుకుంటే రేపే మొదలుపెట్టగలరు. బేల్దారి పనికి పరంజా ఎక్కేవాళ్ళకు, పులివెందుల చీనీ తోటల్లో మందు కొట్టేవాళ్ళకు, అరటి గెలలు లారీకెత్తేవాళ్ళకు ఏ వైద్యుడూ లేడు. మళ్ళీ పడి, మొదటిది మానకముందే తలకు రెండో దెబ్బ తగిలితే మొదటిదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. ఇది మేస్త్రీలందరికీ తెలియాలి.

కూలి మనిషి విషయం వేరుగా చెప్పాలి. సెలవు చీటీ తీసుకెళ్ళి అతను ఎవరికివ్వాలి? ఇంట్లో కూర్చున్న రోజు కూలి రాదు, అంతే. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేసి, పులివెందులలో ఆసుపత్రి పెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. దానికి తోడుగా 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని ఒకటి మొదలైంది. చికిత్స తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. ఏ పార్టీ ఏ పేరు పెట్టిందన్న చర్చ నాకక్కర్లేదు. కోలుకుంటున్న రోజంటే కూలి పోయిన రోజేనని ప్రభుత్వమే ఒప్పుకుని లెక్కగట్టిన సందర్భం అది. అయితే ఆ సాయం జాబితాలో ఉన్న చికిత్సలను బట్టి ఇచ్చేది. కత్తి తగలని, కుట్టు పడని తలకు అలాంటి జాబితాల్లో చోటు దొరకదు. డాక్టరు "పనికి పంపవద్దు" అని రాసిన రోజులకైనా ఆ సాయం అందేలా పై అధికారులకు మీరు రాయాలని కోరుతున్నాను.

ఉద్యోగులకు ఉన్న హక్కులు కూడా చాలామందికి తెలియవు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్‌ఐలో పేరున్న మనిషికి జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పనికి పోయే దారిలో జరిగిన ప్రమాదం ఉద్యోగంతో ముడిపడి ఉంటే పనిలో జరిగినదాని కిందే లెక్కించాలని 2010లో సవరణ వచ్చింది. ప్రొద్దుటూరు దుకాణాల్లో పనిచేసేవాళ్ళలో ఈ రెండు మాటలు విన్నవాళ్ళను నేను చాలా తక్కువ మందిని చూశాను.

ప్రభుత్వోద్యోగం చేస్తూ వైకల్యం వచ్చిన మనిషిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పని చూపించాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షను చెబుతోంది. ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా డిపోలున్నాయి. తెలంగాణ ఆర్టీసీలో రంగులు గుర్తుపట్టలేడని ఇంటికి పంపిన ఒక డ్రైవరుకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేరే పని ఉందేమో నిజంగా వెతకకుండా మనిషిని పంపించడాన్ని తప్పుపట్టింది. తల దెబ్బ తగిలిన డ్రైవరుకు కావలసింది శాశ్వతంగా వేరే ఉద్యోగం కూడా కాదు. రెండు మూడు నెలలు స్టీరింగ్ ముందు కూర్చోబెట్టకుండా డిపోలోనో, బస్టాండు కంట్రోలర్ దగ్గరో పని ఇచ్చి, పరీక్ష చేసి మళ్ళీ బస్సు ఇస్తే చాలు. ఆ బస్సులో రోజూ ఎక్కే మనిషిగా అడుగుతున్నాను. జీతం పోతుందన్న భయంతో దిమ్ము దాచిపెట్టి బస్సు నడిపే పరిస్థితి ఏ డ్రైవరుకూ రానివ్వకండి.

ఆ వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో ఈ గాయం పేరు లేదని, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ రాదని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఆ సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుకు పోతే మాలాంటివాళ్ళం ఏ గడిలోనూ పట్టం, పింఛను అడగడమూ లేదు. కానీ రాతలో చేయి పట్టేసే జబ్బున్న ఒక అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పరీక్ష రాయడానికి సహాయకుడు కావాలంటే ఆ 40 శాతం గీత దాటాల్సిన పని లేదని తేల్చింది. పరిహారం విషయంలో 2010లోనే ఇంకో తీర్పు ఉంది. శరీరంలో వైకల్యం ఎంత శాతమన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ మనిషి చేసే పనికి, సంపాదనకు ఎంత దెబ్బ తగిలిందో చూడాలంది. అలా చూడాలంటే ట్రిబ్యునల్ ముందు పెట్టడానికి ఏదో ఒకటి రాసి ఉండాలి. డిశ్చార్జి కాగితం మీద బాగుందని తప్ప ఇంకేమీ లేని నగల పనివాడు ఏం చూపిస్తాడు?

తలకు దెబ్బ తగిలిన క్రికెటరుకు ఎంత జాగ్రత్త తీసుకుంటారో మనమంతా టీవీలో చూశాం. 2019 ఆగస్టు నుంచి ఐసీసీ అతని బదులు ఇంకొకరిని ఆడించనిస్తోంది. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జడేజా హెల్మెట్‌కు బంతి తగిలితే చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు. అలాంటి ఆటగాడు మళ్ళీ మైదానానికి రావడానికి మెట్లుమెట్లుగా పద్ధతి ఉంది, ఒక మెట్టు దగ్గర బాధ తిరగబెడితే కింది మెట్టుకు పోవాలి. మన సినిమా హీరో సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ తీగల వంతెన దగ్గర బైకు మీద నుంచి పడ్డారు. హెల్మెట్ ఉంది. నెల దాటి ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన గాయం నాదానికన్నా చాలా పెద్దది. తర్వాత మాట తడబడేదని ఆయనే దాచుకోకుండా చెప్పారు. ఆయన కోసం ఆగిన సినిమా 'విరూపాక్ష' 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ ఓపిక బండల ఫ్యాక్టరీ కూలికీ దక్కాలి.

యజమానులకు ఒక అనుమానం ఉంటుందని నాకు తెలుసు. ఈ కాగితం అడ్డం పెట్టుకుని పని ఎగ్గొడతారేమోనని. ఆ కాగితంలో తేదీలుంటాయి, గంటలుంటాయి, మళ్ళీ చూపించుకోవాల్సిన రోజుంటుంది. లెక్క లేకుండా ఇంట్లో ఉండే సెలవుకన్నా, రోజుకు మూడు గంటలైనా పనిలో ఉండే మనిషి యజమానికి లాభమే. అసలు మాకున్న భయం దీనికి తలకిందులుగా ఉంటుంది. తలకు దెబ్బ తగిలిందని బయటపడితే మతి చెడిందంటారేమో, పెళ్ళి కావాల్సిన పిల్లకు సంబంధాలు తప్పిపోతాయేమో, ఇంక లెక్కలు అప్పగించరేమో అని దాచుకుంటాం. దాచుకుని తప్పులు చేస్తాం, ఆ తప్పులకు ఉద్యోగం పోతుంది. ఇది తగ్గే గాయమని, ఫలానా తేదీకి మళ్ళీ చూస్తామని డాక్టరు సంతకంతో ఉంటే దాచుకోవాల్సిన అవసరం పోతుంది.

కాగితం పెద్దది కానక్కర్లేదు. తెలుగులో ఒక్క పేజీ. దెబ్బ తగిలిన తేదీ, స్కానింగు ఫలితం, ఉన్న బాధలు. బండి, ఎత్తు, మిషను, రాత్రి షిఫ్టు, వీటిలో ఏవి ఎప్పటిదాకా కూడదో. మొదటి వారం ఎన్ని గంటలు, రెండో వారం ఎన్ని గంటలు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, మూర్ఛ వచ్చినా, ఒక వైపు చేయి కాలు పట్టు తప్పినా, ముక్కులోంచి నీళ్ళలా కారినా వెంటనే ఆసుపత్రికి రావాలన్న హెచ్చరిక. కింద యజమాని సంతకానికి చోటు. రెండో వారంలో, ఆరో వారంలో ఊళ్ళోని ఏఎన్‌ఎం వచ్చి నాలుగు ప్రశ్నలడిగితే చాలు. తగ్గనివాళ్ళను ఈ-సంజీవని వీడియో వైద్యంలో పెద్ద డాక్టరుకు చూపించవచ్చు, అవసరమైతే కడపకు పంపవచ్చు. ఇప్పుడైతే నెలల తరబడి తగ్గక, ఎవరిని అడగాలో తెలియక, అప్పు చేసి రాత్రి బస్సెక్కి బెంగుళూరు నిమ్హాన్స్‌కు పోతున్నారు. నిద్ర పట్టక, దిగులుతో కుమిలేవాళ్ళకు టెలి మానస్ 14416 నంబరు కూడా ఆ పేజీలోనే వేయించండి.

రోడ్డు భద్రతా కమిటీ సమావేశాల్లో చనిపోయినవాళ్ళ లెక్క, గాయపడినవాళ్ళ లెక్క మీ ముందుకు వస్తాయి. ఈసారి నుంచి మూడో లెక్క కూడా అడగండి. మూడు నెలల కింద తలకు దెబ్బ తగిలి ఇంటికి పోయినవాళ్ళలో ఇవాళ తమ పనిలో ఉన్నవాళ్ళు ఎంతమంది? ఆ అంకె చెప్పాలంటే ఎవరో ఒకరు వాళ్ళ ఇళ్ళకు పోయి అడిగి రావాలి.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు నేనూ మా గుమాస్తా గారూ వస్తున్నాం. మేం రాసుకున్న నమూనా కాగితం తెస్తాం. అందులో వైద్యం మాటలు తప్పుంటే మీ డాక్టర్లు దిద్దుతారు. దిద్దిన దాన్ని ముందుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలుపెట్టించండి. సంక్రాంతి అమ్మకాలకు ముందే అయితే మరీ మంచిది. అప్పుడు రోడ్ల మీద బళ్ళు ఎక్కువ, దుకాణాల్లో పనీ ఎక్కువ.

ఇట్లు,
ప్రొద్దుటూరులో లెక్కలు రాసే ఒక ఉద్యోగిని,
జమ్మలమడుగు.